తెచ్చినంత కలుపుతా

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి మూడు వారాలైంది. వేసవి సెలవులకు విదేశం వెళ్ళిన కొడుకులూ కోడళ్ళూ అక్కడే చిక్కుబడిపోవడంతో రుమైథియాలోని ఆ పెద్ద ఇంట్లో, పనివాళ్ళు అమ్మా అన్నట్టు 'మామా' అని పిలిచే ముసలి యజమానురాలు, వంట చేసే సంజీవమ్మ, డ్రైవర్ అన్వర్ బాషా మిగిలారు. పనివాళ్ళిద్దరిదీ రాయచోటి వైపే.

ఆ ఉదయం అన్వర్ రేడియో చంకలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, ఇది ఇన్నావా? యాదో ఒక దేశంలో జనం బీదోళ్ళ కోసరం చందాలిస్తే, వాళ్ళెంత ఇస్తే అంత గవర్నమెంటు కూడా కలుపుతాదంట. ఆ బీదోళ్ళు ఆ దేశమోళ్ళు కూడా కాదు. సముద్రాలకవతల ఉండేటోళ్ళు."

"మొగం కూడా తెలీనోళ్ళకా?"

"తెలీనోళ్ళకే."

సంజీవమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ పారిపోయాక, అర్దియాలోని కూలీల షెడ్లలో రెండొందల మంది కూలీలు గంజినీళ్ళతో గడుపుతున్నారని విని నాలుగు రోజులైంది. వీధిలో పనిమనుషులంతా తలా కాస్త ఇద్దామనుకున్నారు గానీ, ఆ కాస్త ఏ మూలకని ఊరుకున్నారు.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని నేరుగా యజమానురాలి గదికి వెళ్ళింది. ఎనిమిదేళ్ళలో జీతం పెంచమని కూడా నోరు తెరవని మనిషి, వచ్చిన అరబ్బీలోనే అడిగేసింది.

"మామా, అర్దియాలో ఆకలితో ఉన్నారు. మేము తెచ్చినంత బియ్యం నువ్వూ కలుపు. ఆ గవర్నమెంటు మాదిరిగా."

సంగతంతా విని ముసలామె నవ్వింది. "గవర్నమెంటే ఊళ్ళో లేదు, నన్ను అవ్వమంటావా? సరే, తెచ్చినంత కలుపుతా. యల్లా, కానివ్వు."

కబురు పెరటి తలుపుల గుండా వీధంతా పాకింది. "మనం ఒకటేస్తే రెండయితాదంట" అనేసరికి, నిన్నటిదాకా చేయి ముడుచుకున్నవాళ్ళే పరుగెత్తుకొచ్చారు. పక్కింట్లో పనిచేసే పుష్పలత దాచుకున్న కందిపప్పు తెచ్చింది. ఎదురింటి వంటమనిషి సుల్తాన్‌బీ బియ్యం మూటను తానే ఈడ్చుకొచ్చింది. మధ్యాహ్నానికి పదకొండు మూటలయ్యాయి. సంజీవమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

తీరా చూస్తే మామా సామాన్ల గదిలో ఉన్నవి ఏడు మూటలే.

"చాలు మామా, ఉన్నకాడికే" అంది సంజీవమ్మ.

"మాటంటే మాటే" అంటూ ముసలామె ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా వేసుకుని, సైన్యం వచ్చాక మొదటిసారి గడప దాటింది. వరుసగా ఇరుగుపొరుగు తలుపులు తట్టింది. గంటలో మిగతా నాలుగూ వచ్చాయి.

పికప్‌లో ముందు సీట్లో ముసలామే కూర్చుంది, సంజీవమ్మ వెనక మూటల మధ్య ఎక్కింది. దారిలో సైనికులు బండి ఆపారు. ఒకడు మూటల మీద కప్పిన పట్టా ఎత్తి చూసి, ఒక మూట దించుకున్నాడు. తర్వాత చేత్తో పొమ్మని సైగ చేశాడు. అన్వర్ బండిని మలుపు దాకా ఉరికించాడు.

షెడ్ల దగ్గర కూలీల్లో ఒకడైన చిన్నపుల్లయ్య ఎదురొచ్చి, ఇరవై ఒక్క మూటలు చూశాడు. వెంటనే వెనక్కి తిరిగి లోపలివాళ్ళను కేకేశాడు. తెలుగువాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఈజిప్టు వాళ్ళు పోటీపడి మూటలు దించారు. సంజీవమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పొయ్యి రాజేసింది. అన్నం ఉడుకుతున్న వాసనకే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

రెండు రోజులకు పక్క వీధి నుంచి వెంకటేశ్వరి వచ్చింది. "అక్కా, మా మామా కూడా కలుపుతానంటాండాది. బండి ఎప్పుడు పోతాది?"