కొండలో మడతలు

విజయవాడలో కొండవాలు మీదున్న తమ ఇంటి వెనక బండ చీలుతోందని నజీమా భయపడుతోంది. దాని నిండా వంకర చారలున్నాయి. జియాలజీ చదువుతున్న కూతురు అఫ్సా సెలవులకు రాగానే చూపించింది.

అఫ్సా చారలను వేలితో తడిమింది. "ఇవి పగుళ్లు కావమ్మీ. ఈ రాయి ఒకప్పుడు భూమిలో చాలా లోతున ఉండేది. కొండలు పుట్టేటప్పుడు ఆ వేడికీ, ఒత్తిడికీ ఇలా మడతలు పడింది."

"కరిగిపోయిందా?"

"లేదు, గట్టిగా ఉంటూనే మెల్లగా వంగింది. ఆటోనగర్ షెడ్డులో అబ్బా లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి వంచుతాడు కదా, అలాగ."

నజీమా మనసు కుదుటపడింది. కానీ అఫ్సా ఇంకా పైకే చూస్తోంది. అక్కడొక గీత మడతలన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోయింది. అందులోంచి నీరు ఊరుతోంది.

"ఇది మాత్రం పగులే. రాయి చల్లబడ్డాక వచ్చింది. ఇందులోకి నీరు దిగితే పైబండ విరిగి పడొచ్చు. వానలు తగ్గేదాకా ఇక్కడ ఉండొద్దమ్మీ."

ఆ సాయంత్రమే నజీమా భర్తతో సహా ముగ్గురూ కొండ దిగువన ఆమె చెల్లెలింటికి చేరారు. ఆ వారంలోనే ఒక రాత్రి కురిసిన వానకు బండ పైభాగం విరిగి, ఖాళీగా ఉన్న వంటింటి మీద పడింది.

తెల్లారేసరికి ఇరుగుపొరుగు వాళ్లు తమ ఇళ్ల వెనక బండలు కూడా చూడమని అఫ్సాను పిలవడానికి వచ్చారు. నజీమా గొడుగు తీసుకుని కూతురి వెంట నడిచింది.