వనజమ్మ చూసిన కాయలు

"పాలు విరిగినాయేమో చూడు మే" అంటూ అత్త సుబ్బలక్ష్మమ్మ గిన్నెను వనజాక్షి ముక్కు కిందికి తెచ్చింది.

పదిహేడేళ్లుగా ఆ ఇంట్లో అనుమానం వచ్చిన ప్రతి వస్తువూ అక్కడికే వస్తుంది. నిన్నటి పప్పు, అడుగున మిగిలిన నెయ్యి, పెట్టెలోంచి తీసిన పట్టుచీర, జ్వరం తగిలిన పిల్ల నుదురు, అన్నీ. వనజాక్షి వంగి గాలి పీల్చింది. గాలి వచ్చింది. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. గిన్నెను కొంచెం వంచి పాలు అంచు మీద ఎలా జారుతున్నాయో చూసింది. చిటికెనవేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"బాగుండాయిలే అత్తా."

"ఇంతకుముందు గడప అవతల్నుంచే చెప్తాంటివి. ఇప్పుడు నాలిక గూడా కావల్ల" అంది అత్త. "ముక్కు చేయించుకున్యాక అన్నీ నాజూకే నీకు."

ఆ మాటలో ఏముందో వనజాక్షి వెతికింది. ఈ మధ్య ఆమె అందరి మాటలనూ వెతుకుతోంది, బియ్యంలో రాళ్లు వెతికినట్టు. అత్తకు తెలిసిపోయిందా? తెలిసే పరీక్ష పెడుతోందా? లేక ముసలావిడ నోటికి వచ్చింది అనేసిందా? పొయ్యి దగ్గరికి వచ్చి గ్యాసు నాబు కట్టేసి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది. ఆ ఉదయం అది నాలుగోసారి.

ఆపరేషనై పదిహేను నెలలు. పాత ముక్కు అడుగున వెడల్పుగా, మెత్తగా ఉండేది. దాన్ని చూడాలనిపిస్తే ఇప్పుడు అనంతపురం హాస్టల్లో ఉన్న కూతురు లహరి ముఖంలో చూసుకోవాలి. కొత్తది పైనుంచి సన్నగా గీత గీసినట్టు దిగి, కొసన ఎవరో రెండు వేళ్లతో నొక్కి మరిచిపోయినట్టు ఉంటుంది. నవ్వితే ఎడమకు ఒరుగుతుంది. పుడక రంధ్రం పైకి జరిగి మడతలో పడింది. పెళ్లినాటి పుడక పెట్టుకుంటే అది బుగ్గ వైపు తిరిగి చూస్తుంది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఆమెతో మాట్లాడుతూ కళ్ల వైపు చూడరు, నోటి వైపు చూడరు. చూపు మధ్యలో ఒకచోట ఆగి, తప్పు చేసినట్టు పక్కకు పోతుంది.

"మళ్లీ చేయిస్తే సరిపోతాది. డాక్టరు చెప్పినాడు" అంటాడు భర్త రాఘవేంద్ర. "మొగమంటే అంగడి ముందర బోర్డు మాదిరి. వంకరగా వదిలేస్తామా?"

ఈ కోరిక ఎవరిది? వనజాక్షి దాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. పెళ్లయిన ఏడు ఆల్బమ్ తిప్పుతూ "నా ముక్కు బాగలేదు కదా" అన్నది తనే. ఎదుటివాళ్లు కాదంటారని అనే మాట అది. అతను కాదనలేదు. "కొంచెం బండగా ఉండాదిలే" అన్నాడు. ఆ మాటను అతను ఎక్కడో దాచి పెట్టుకున్నాడు. పదిహేనేళ్ల తర్వాత తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. "నువ్వే అడిగితివి గదా, నీ కోసమే చేయిస్తాండా." అప్పటికి ఆమెకూ అది తన కోరికలాగే కనిపించింది. అతని కోరిక తనదిగా మారిన రోజు ఏదో ఎంత తవ్వినా దొరకదు.

దొరికేది ఇంకో రోజు. ఒక సోమవారం అతను ధర్మవరం నుంచి పొద్దుగూకేవేళ వచ్చి చొక్కా విప్పుతున్నాడు. "ఈ పొద్దు యాడ ఉలవచారు తిన్యారు? తాలింపులో ఇంగువ శానా వేసినారే" అంది వనజాక్షి. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. అతని చేతులు గుండీల మీద ఆగాయి. ఎక్కడ తిన్నాడో చెప్పకుండా పెద్దగా నవ్వాడు.

"ఇంట్లో పోలీసు కుక్కను పెట్టుకున్యా గదప్పా నేను!"

ఆ నెల దాటకుండానే బెంగుళూరు డాక్టరు చిరునామా తెచ్చాడు. ఈ రెండిటికీ సంబంధం ఉందనుకోవడం పిచ్చి అని ఆమెకు తెలుసు. పిచ్చి అని తెలిసినా ఆ రెండూ పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి.

కట్లు విప్పిన రోజు అందరూ ఆకారం చూశారు. వాసన సంగతి ఎవరూ అడగలేదు. లోపల వాపు ఉందనుకుని ఆమె కూడా ఊరుకుంది. రెండో నెలలో గ్యాసు కారుతుంటే పక్కింటి బయమ్మ పరిగెత్తుకొచ్చి సిలిండరు కట్టేసింది. "ఇంత కంపు కొడతాంటే నీకు తెలీలేదా తల్లీ?" అంది. "జలుబు" అంది వనజాక్షి. అదే మొదటి అబద్ధం. ఆ తర్వాత అబద్ధాలకు కళ్లు సాయం వచ్చాయి, నాలుక సాయం వచ్చింది. అన్నం మాడితే పొగ చూసి దించింది. తన ఒంటికి వాసన వస్తోందేమోనని రోజుకు మూడుసార్లు స్నానం చేసింది. ఎందుకు చెప్పలేదు అని తనను తాను అడిగితే జవాబు భయంగానే వచ్చేది. ఇంట్లో తన మాటకు విలువ ఉన్నది ఒక్కచోటే. అది కూడా పోయిందంటే మిగిలేది చెడిపోయిన ముఖం.

ఆ ఒక్కచోటు విత్తనం. ముదిగుబ్బ బస్టాండు దగ్గర రాఘవేంద్రకు విత్తనాల అంగడి ఉంది. ఎండాకాలంలో చుట్టుపక్కల ఊళ్లలో వేరుశనగ కాయలు కొని, విత్తే రోజులకు రైతులకు అమ్ముతాడు. ఏ మూట విత్తనానికి పనికొస్తుందో, ఏది గానుగకు పోవాలో చెప్పేది వనజాక్షి. మూట అడుగు నుంచి పిడికెడు కాయలు తీసి, వొలిచి, అరచేతుల మధ్య రుద్ది వాసన చూస్తుంది. పైకి తళతళలాడే కాయలో కూడా బూజు వాసనో, పాత నూనె వాసనో సన్నగా తగులుతుంది. అలాంటిది మట్టిలో కుళ్లిపోతుంది, మొలవదు. ఒక ఏడు కళ్యాణదుర్గం వైపు నుంచి చవగ్గా తెచ్చిన నలభై మూటలను ఆమె పనికిరావంది. అతను మూడు రోజులు మాట్లాడలేదు. కానీ ఆమె పనికొస్తాయన్నవి మొలిచాయి. కంబదూరు నుంచి కూడా మనుషులు వచ్చి "వనజమ్మ చూసిన కాయలు ఉండాయా?" అని అడగడం మొదలుపెట్టారు. అంగడి బోర్డు మీద మామ పేరు, మొగుడి పేరు ఉన్నాయి. వనజమ్మ పేరు రైతుల నోళ్లలో తప్ప ఎక్కడా లేదు. అంగడిలో ఆమెకు కుర్చీ కూడా లేదు.

పోయినేడు విత్తే కాలానికి అతను పళ్లెంలో కాయలు వేసి వంటింట్లోకే తెచ్చి ఇచ్చాడు. ఆమె రుద్దింది, వంగింది, ఏమీ తెలియలేదు. "బాగుండాయి" అంది. అంతకుముందు ప్రతిదానికీ వాదించే మనిషి ఈసారి ఒక్క మాట అనలేదు. పళ్లెం తర్వాత పళ్లెం తెచ్చాడు. నువ్వు చెప్తే చాలులే అన్నాడు. అతని మెత్తదనం చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి కూడా.

ఆ ఏడు చేలల్లో మొలకలు పళ్లు ఊడిన నోళ్లలా వచ్చాయి. వాన సరిగ్గా పడలేదన్నారు అందరూ. ఈ సీమలో ఏ తప్పునైనా మోయడానికి వాన సిద్ధంగా ఉంటుంది.

మళ్లీ విత్తే రోజులు వచ్చాయి. పెరట్లో కాయలు ఏరుతున్న సిద్దమ్మ ఒక మధ్యాహ్నం పిడికెడు తెచ్చి వనజాక్షి ముందు చెయ్యి చాపింది. సిద్దమ్మకు ఊరి బయట రెండెకరాలుంది. పోయినేడు విత్తనం ఇక్కడే తీసుకుంది.

"చూడు వనజమ్మా."

వనజాక్షి వంగింది. "బాగుండాయి."

సిద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పోయినేడు గూడా బాగుండాయంటివి. వాన పడల్యా అని అందరూ అనిరి, నేనూ అంటి. వాన పక్క చేన్లో గూడా అంతే పడె గదమ్మా. ఆడ మొలిచె."

సిద్దమ్మ ఒక క్షణం వనజాక్షి ముఖం వైపు, సరిగ్గా కళ్లలోకి, చూసి వెళ్లిపోయింది. చాలా రోజుల తర్వాత ఒక మనిషి తన కళ్లలోకి చూడటం అదే.

ఆ సాయంత్రం రాఘవేంద్ర వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. లోపలంతా ఉడుకుతున్న వనజాక్షి, ఎందుకంటోందో తనకే తెలియకుండా, పాత రోజుల్లోలా అంది. "చొక్కా ఏందో వాసన వస్తాండాది. యాడికి పోయింటిరి?"

"నీకా?" అన్నాడు అతను.

ఒక్క మాట. అందులో నవ్వు ఉంది, ధీమా ఉంది. ఆ తర్వాత గబగబా "ఎండ గదా, చెమట. పోయి నీళ్లు పెట్టుపో" అన్నాడు. వనజాక్షి నీళ్లు పెట్టింది. నీళ్లు మరిగి, సగమై, గిన్నె అడుగు కనిపించేదాకా అక్కడే నిలబడింది. తనకు వాసన పోయిందని తను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

ఆ గురువారం రెండో ఆపరేషన్ మాట్లాడుకోవడానికి బెంగుళూరు వెళ్లారు. డాక్టరు ముక్కును అటూ ఇటూ తిప్పి ఫోటోలు తీశాడు. కొస ఎలా లేపుతాడో, ఒంపు ఎలా తీస్తాడో కాగితం మీద బొమ్మ గీశాడు. రాఘవేంద్ర ముందుకు వంగి "కుడి పక్క గూడా కొంచెం తగ్గించండి సార్" అన్నాడు, అల్మారాకు కొలతలు చెప్తున్నట్టు. "మా పాపది గూడా ఇట్లాంటిదే ముక్కు. దాని చదువైనాక మీ దగ్గరికే తెస్తాం."

వనజాక్షి చేతులు చీర కొంగును గట్టిగా పట్టుకున్నాయి.

డాక్టరు ఆమె కళ్లు మూయించి, ముక్కు కింద ఒక చిన్న సీసా పెట్టాడు. "ఇదేంటి చెప్పండమ్మా?"

చూడటానికి వీల్లేదు, నాలుకకు అందదు. "సబ్బా?" అంది.

కళ్లు తెరిస్తే సీసా నిండా కాఫీపొడి. ఆమె డాక్టరును చూడలేదు. భర్తను చూసింది. భార్య కాఫీపొడిని సబ్బు అంటే ఏ మొగుడైనా ఉలిక్కిపడాలి. అతను బొమ్మ గీసిన కాగితాన్ని మడుస్తున్నాడు.

"ఇలా కావచ్చని మొదటి ఆపరేషన్‌కు ముందే మీవారికి వివరంగా చెప్పానమ్మా" అన్నాడు డాక్టరు. "మూడో నెలలో ఫోన్ చేసినప్పుడు కూడా వాసన సంగతి అడిగాను. కొంచెం తగ్గిందిలే, పరవాలేదు అన్నారు. మీరు సంతకం చేసిన కాగితంలో కూడా ఉంది." ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఊరికే రూలు కోసమంట, పెట్టు అన్నాడు రాఘవేంద్ర. ఆమె తెలుగులో సంతకం పెట్టింది. "ఇంకొక మాట" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు మళ్లీ చేస్తే ఆకారం బాగుపడుతుంది, కానీ వాసన ఇక రాకపోవచ్చు. వదిలేస్తే రావచ్చు. వస్తుందని మాటివ్వలేను."

"వాసనదేముంది సార్" అన్నాడు రాఘవేంద్ర. "కనపడేది గదా ముఖ్యం."

తిరుగు బస్సులో అతను నిద్రపోయాడు. ఆమె కిటికీలోంచి ఎర్రటి దుక్కులు చూస్తూ కూర్చుంది. వాసన పోవాలనే చేయించాడా? ఆ అనుమానాన్ని చాలాసేపు పట్టుకుని, చివరికి వదిలేసింది. అంత దూరం ఆలోచించేంతగా తన గురించి అతను ఎప్పుడూ ఆలోచించి ఉండడు. పోయిందని తెలిశాక మాత్రం ఆలోచించాడు. వాదించే ముక్కు పోయింది, నమ్మించే పేరు ఉంది. అందుకే చవక మూటల కాయలు పళ్లేల్లో వంటింట్లోకి వచ్చాయి. అతనికి తెలుసు, తెలిసే అమ్మాడు. మరి తనకు? తన ముక్కు పని చేయదని తనకూ తెలుసు. తెలిసే పళ్లెం తర్వాత పళ్లేనికి బాగుండాయి అంది. అనుమానం మొదటిసారి తన వైపే తిరిగి, అక్కడ గట్టిగా నిలబడింది.

శనివారం పొద్దున పెరడంతా మనుషులు. మూటలు విప్పి వరసగా పెట్టారు. ముత్యాలప్ప, శ్రీరంగప్ప, ఇంకా పదిమంది రైతులు తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడ్డారు. సిద్దమ్మ ఒక పక్కన చేటతో కూర్చుంది. రాఘవేంద్ర మూటలోంచి పిడికెడు తీసి, అందరికీ వినబడేలా పిలిచాడు.

"రా మే, చూడు. మా ఇంటామె చూసినాకనే అన్నా, మూట కట్టేది."

"ఆ యమ్మ బాగుండాయంటే ఇంగ మాట లేదప్పా" అన్నాడు ముత్యాలప్ప.

వనజాక్షి వంటింట్లోంచి వచ్చింది. పెళ్లినాటి పుడక పెట్టుకుంది. అది బుగ్గ వైపు తిరిగే ఉంది. భర్త చాపిన చేతి దగ్గరికి వెళ్లింది కానీ వంగలేదు.

"నాకు వాసన తెలీదు" అంది. "ముక్కు కోయించుకున్నప్పట్నుంచి తెలీదు. పోయినేడు మీ కాయలు నేను చూడల్యా. చూసినట్ల చేసినా. తప్పు నాది."

ముత్యాలప్ప ముందున్న మూట నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమే, తలకాయ గిన తిరిగిందా?" అన్నాడు రాఘవేంద్ర నవ్వబోతూ. "బెంగుళూరు పోయొచ్చినప్పట్నుంచి ఇట్లే మాట్లాడతాంది అన్నా. వచ్చే నెల మళ్లీ ఆపరేషను..."

"నేను పోను" అంది వనజాక్షి. "ఇది ఇట్లే ఉండనీ. మొగం వంకరగా ఉంటే చూసేవాళ్లు చూస్తారు. వాసన వస్తే రానీ, కాచుకోని ఉంటా. లహరి ముక్కు జోలికి గూడా ఎవరూ పోవద్దు." తర్వాత రైతుల వైపు తిరిగింది. "నాకు తెలీదని ఈయనకు తెలుసు. పోయినేడే తెలుసు."

నవ్వు అతని ముఖం మీద సగంలో ఆగింది, ఒక సాయంత్రం గుండీల మీద చేతులు ఆగినట్టు. ఆమె అతని అరచేతిలోంచి కాయలు తీసుకుని, చేట పక్కన కూర్చున్న సిద్దమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"నువ్వు చూడు సిద్దమ్మా."

సిద్దమ్మ కాయలు అందుకుని ఒకటి వొలిచింది. గింజను రెండు అరచేతుల మధ్య రుద్ది, కళ్లు మూసుకుని, ముక్కు దగ్గరికి తీసుకుంది. అందరూ ఆమె ముఖం వైపు చూస్తున్నారు. వనజాక్షి కూడా. ఆ పదిహేను నెలల్లో మొదటిసారి ఎవరూ ఆమె ముక్కు వైపు చూడటం లేదు.

సిద్దమ్మ ముఖం చిట్లించి కళ్లు తెరిచింది. మిగిలిన కాయలను కింద పారేయలేదు. లేచి వెళ్లి, ఒక్కొక్కటిగా, రాఘవేంద్ర ఇంకా చాపుకునే ఉన్న అరచేతిలో పెట్టింది.