రెండు మెట్లు పైకెక్కిన సొనాటా

పెళ్లిచూపుల్లో డెబోరాకి నచ్చింది పెళ్లికొడుకు ముక్కూ కాదు, ఉద్యోగమూ కాదు. అందరూ కాఫీలు తాగుతూ వానల గురించి మాట్లాడుతుంటే, మనుబోలు నుంచి వచ్చిన ఆ పశువుల డాక్టరు సుశీల్ కుమార్ గోడవారనున్న ఆమె కీబోర్డు వైపు చూసి, "మీరు సొనాటాలు వింటారా?" అని అడిగాడు. కొడవలూరులో పుట్టి పెరిగిన డెబోరాని ఆ మాట అడిగిన మగాడు ఇంతవరకూ లేడు. ఆమె బిస్కెట్ల ప్లేటు ఆయన ముందే పెట్టేసి మిగతావాళ్లని మర్చిపోయింది.

సొనాటా అంటే మాటల్లేని పాట. వీళ్లు వినేవాటిలో మూడు నాలుగు భాగాలనీ మొదలు నుంచి చివరిదాకా పియానో ఒక్కటే మోసుకుపోవాలి. ఇద్దరూ తమ ఊరి చర్చిల్లో కీబోర్డు వాయించేవాళ్లేనని, ఇద్దరికీ ప్రాణమైన సొనాటా ఒకటేనని తేలింది, రెండొందల ఏళ్ల కిందట జర్మనీలో పుట్టినది. రాసింది ఒక్కరే అయినా వాయించినవాళ్లు లోకమంతా ఉన్నారు. ఒకే చేపతో పది ఇళ్లలో పులుసు పెడితే పది రుచులు వచ్చినట్టు, ఎవరి వాయింపు వారిదే.

ఇక వాట్సాప్‌లో అదే పని. ఆయనొక రికార్డింగు పంపడం, ఈమె ఇంకొకటి పంపడం.

"ఈ ముసలాయన్ని వినండి, వడ్లు ఆరబోసినట్టు ఎంత తీరిగ్గా పరిచినాడో!" అని ఆయన.

"తీరిక కాదండీ, నిద్ర. రెండో భాగంలో పోయి లేపుదామనుకున్నా" అని ఈమె.

డెబోరా ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసింది. అద్దం ముందు నిలబడి ఊరికే నవ్వింది. పిల్లకి ఏదో అయిందని తల్లి ఆనందకుమారి ప్రార్థన కూడా చేయించింది. అయింది మరి! ప్రేమయింది. దానికి ప్రార్థన ఏం చేస్తుంది?

ఆదివారం ఆరాధనకి పోయేలోపల పెళ్లి సంగతి తేల్చి చెప్పాలని రెండిళ్ల పెద్దలూ అనుకున్నారు. ముందురోజు పొద్దున సుశీల్ కుమార్ వాయించినవాళ్ల పేర్లు లేకుండా మూడు రికార్డింగులు పంపాడు. "ఏది ఎట్ట ఉందో దాచుకోకుండా చెప్పండి" అన్నాడు. అట్లా అడిగితే డెబోరా ఆగుతుందా? నవ్వు ఆపుకుంటూ వాయిస్ మెసేజ్ పెట్టింది.

"మొదటిది బంగారం. రెండోది పర్వాలేదు. ఆ మూడో ఆయన్ని మాత్రం మీ ఆసుపత్రికి తోలుకుపోండి డాక్టరుగారూ. నెమ్మదిగా పోయే భాగంలో మడిలో దిగబడిన గేదె మాదిరి నడస్తా ఉండాడు. ఒక కాలు లాగేలోపల ఇంకో కాలు దిగబడతా ఉండాది!"

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మధ్యాహ్నం రాలేదు, సాయంత్రమూ రాలేదు. ఉద్యోగంలో ఏ ఆవుకో కాన్పు కష్టమైందేమోనని డెబోరా సరిపెట్టుకుంది. అన్ని ఆవులూ ఒక్కరోజే ఈనవు కదా.

ఆదివారం పొద్దున తలస్నానం చేసి, తడిజుట్టుతోనే కీబోర్డు ముందు కూర్చుంది. ఆ మూడో రికార్డింగు పెట్టి దానితోపాటు తనూ వాయించబోయింది. కలవలేదు. మిగతావన్నీ తన వేళ్లతో కలిసి నడిచాయి, ఇది మాత్రం శ్రుతిలో రెండు మెట్లు పైన ఉంది. శ్రుతి మార్చే బటను రెండుసార్లు నొక్కింది. అతికినట్టు సరిపోయింది.

డెబోరా చటుక్కున కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

వాళ్ల చర్చిల్లో పాట ఎత్తుకునే పెద్దమ్మ ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో ప్రభువుకే తెలియాలి. ఆమె మొదలుపెట్టాక కీబోర్డు వాయించేవాళ్లు ఆ బటను నొక్కి, వేళ్లకి అలవాటైన మెట్ల మీదే లాగించేస్తారు. ఆరాధన అయ్యాక బటను వెనక్కి నొక్కడం మర్చిపోతారు. డెబోరా ఎన్నిసార్లు మర్చిపోలేదు! పియానో ముందు కూర్చునే పెద్దపెద్ద దొరలు ఈ తప్పు చేద్దామన్నా చేయలేరు, వాళ్ల పియానోకి ఆ బటనే ఉండదు. ఇది చర్చి కీబోర్డు. మనుబోలు చర్చిలో కీబోర్డు వాయించేది సుశీల్ కుమారే.

కాబోయే మొగుణ్ణి పట్టుకుని గేదె అంది!

బయట తండ్రి జ్ఞానప్రకాశం బైబిలు చంకలో పెట్టుకుని, "ఏమ్మా, వాళ్లకేం చెప్పమంటావు?" అన్నాడు.

"ఉండు నాయనా!" అని తలుపు మూసి ఫోను చేసింది. సరదాకి అన్నానని చెప్పాలి. నిజానికి అదే అన్నిటికన్నా బాగుందని చెప్పాలి. అబద్ధమైతే ఏం, మనిషి దక్కుతాడు.

ఆయన ఎత్తాడు.

"మూడోది మీరే గదా? రెండు మెట్లు పైన ఉండాది" అంది.

"బటను..." అని గొణిగాడు. తర్వాత, "డెబోరా గారూ, ఒక్కమాట నిజం చెప్పండి. ఆ నెమ్మది భాగం అంత ఘోరంగా ఉండాదా?"

తయారుచేసుకున్న అబద్ధం నాలిక చివరే ఉంది. ఆయన లేకపోతే తను బతకడం బతుకుతుంది గానీ, అందులో ఏ సంతోషమూ ఉండదని ఆ క్షణంలో ఆమెకి తెలిసిపోయింది. అయినా అబద్ధం రాలేదు.

"ఘోరంగానే ఉండాదండీ" అంది ఏడుపు గొంతుతో. "కానీ మీరంటే నాకు శానా ఇష్టం."

"అబ్బ!" అన్నాడాయన, మూట దించినవాడిలా. "మా చర్చిలో అందరూ బ్రహ్మాండం అన్నారు. మా అమ్మ కన్నీళ్లు కూడా పెట్టుకునింది. బాలేదని నాకు తెలస్తానే ఉండాది, ఒక్కరన్నా చెప్తారేమోనని పంపినా. మీ మెసేజ్ వింటా నవ్వుతా ఉండా, సిగ్గుపడతా ఉండా. ఏం రాయాల్నో తెలీలా."

"పెళ్లయినాక కూడా ఇట్టనే చెప్తా."

"చెప్పండి. రోజూ చెప్పండి."

డెబోరా ఫోను పెట్టేయకుండానే తలుపు తీసి, "సరేనని చెప్పు నాయనా!" అని అరిచింది. ఆ అరుపుకి మనుబోలులో ఒకాయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని, పగలబడి నవ్వాడు.