అబద్ధమాడిన రెక్కలు

కోటగోడ మీది అయిదు గాలిమరల్లో మూడోది వౌటర్‌ది, నాలుగోది అతని తమ్ముడు యోస్ట్‌ది. రెండింటి మధ్య రెండు వందల అంగల దూరం, పదకొండేళ్ల పగ. యోస్ట్ తన మరకు రెండంతస్తులు లేపి అన్నకు రావలసిన పడమటి గాలినంతా మింగేశాడు. ఆనాడు తల్లి గ్రిట్ నలుగురిలో వాణ్ణి దొంగ అంది. "మీ రెక్కలు చావు నిలుపులో ఆగిననాడు వస్తాను. అందాకా మీ గడప తొక్కను" అని వాడు వెళ్లిపోయాడు.

ఆ నిలుపు ఊళ్లో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. పై రెక్క నడినెత్తికి చేరకముందే ఆపితే ఆ ఇంట్లో పెళ్లో పురుడో. దాటి కాస్త వాలాక ఆపితే చావు. అది చూసి పక్క మరలవాళ్లూ పని కట్టిపెట్టి తమ రెక్కలను అలాగే నిలుపుతారు.

ఇప్పుడు గ్రిట్ మంచం పట్టింది. మజ్జిగలో కాచిన బార్లీ జావ కూడా గొంతు దిగడం లేదు.

"వాణ్ణి పిలుచుకు రారా. ఆ మాట నా నోటితోనే వెనక్కి తీసుకుంటాను."

"వాడికి కాళ్లు లేవా?" అన్నాడు వౌటర్.

"ఉన్నాయి. మీ నాన్న మొండితనం కూడా ఉంది, నీలాగే."

మూడు రోజులు బతిమాలి, నాలుగోనాడు అంది: "పోనీ, రెక్కలు చావు నిలుపులో పెట్టు. వాడే వస్తాడు."

వౌటర్ ఉలిక్కిపడ్డాడు. "తాతనాటి నుంచీ ఈ రెక్కలు అబద్ధమాడలేదమ్మా."

"ఎలాగూ పోయేదాన్నేగా. నాలుగు రోజులు ముందు చెబుతాయి, అంతేగా."

తమ్ముడి గుమ్మం ముందు నిలబడడం కన్నా అబద్ధమే తేలికనిపించింది ఆ మహానుభావుడికి. రెక్కలు నిలిపాడు. మిగతా నాలుగు మరలూ ఒకదాని వెనక ఒకటి ఆగాయి.

యోస్ట్ నల్లకోటు తొడుక్కుని పరుగున వచ్చాడు. కనుబొమల మీద పిండి అలాగే ఉంది, చెంపలు తడిసి ఉన్నాయి. దిండుకు ఆనుకున్న తల్లి, "వచ్చావా నాయనా" అని నవ్వింది. వాడి మొహం పాలిపోయి, అంతలోనే ఎర్రబడింది.

"నా ఏడుపు చూడాలనిపించిందా మీకు?"

"ఒక్క మాట, ఆగరా" అని ఆవిడ అనేసరికే వాడు మెట్లు దిగిపోయాడు. పరామర్శకని రొట్టె తెచ్చిన పొరుగు మర ఇల్లాలు ఆ రొట్టెను మళ్లీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

తొమ్మిది రోజుల తరవాత, పొద్దున్నే గ్రిట్ నిజంగానే పోయింది.

వౌటర్ రెక్కలు నిలిపి, మర చుట్టూ ఎత్తున ఉన్న వసారాలో నిలబడ్డాడు. ఒక్క మరా ఆగలేదు. గాలి బాగుంది, అందరూ పిండి ఆడించుకుంటున్నారు. కింద పోతున్నవాడెవడో, "ఈసారి ఎవరి కోసం వౌటర్?" అని నవ్వాడు. వౌటర్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అప్పుడు నడిచాడు, ఆ రెండు వందల అంగలూ.

యోస్ట్ తన మర వసారా మీంచే అన్నాడు: "మీ అమ్మ ఎన్నిసార్లు చస్తుంది?"

వౌటర్ టోపీ తీశాడు. "నిన్ను దొంగన్నందుకు మన్నించమంది. నీకు చెప్పమని తొమ్మిది రోజులూ అడిగింది. రేపు వెళ్తాలే అన్నానురా, రోజూ."

యోస్ట్ టోపీ లేని అన్న తలకేసి చూశాడు. తరవాత రెక్కల్ని ఆపే తాడు లాగాడు. మర మూలిగి ఆగింది. పై రెక్క ఇంకా నడినెత్తికి ఇవతలే ఉంది, పెళ్లివారింట్లోలాగ.

"సరిగ్గా ఉందా? నాకేం కనబడ్డం లేదన్నా, నువ్వే చూసి చెప్పు."

"లేదు. తాడు కొంచెం వదులు" అన్నాడు వౌటర్ కిందినుంచి. "ఇంకొంచెం. ఆఁ, చాలు."