గడప దగ్గర చెప్పులు

గడప దగ్గర మొగుడి చెప్పులు కనబడితే ఏ ఆడదైనా మనిషి ఇంట్లోనే ఉన్నాడనుకుంటుంది. శ్యామలకు అక్కడే గుబులు మొదలవుతుంది. "ఉన్నవా?" అని పిలుస్తుంది. స్నానాల గదిలోంచి బలరాం "ఉన్న" అంటాడు. పెళ్లయిన రెండేళ్లుగా, అతను ఇంట్లో ఉన్న రోజల్లా ఇదే పాఠం. పాపం, ఓపికమంతుడే.

బలరాంది మణుగూరులో కరెంటు పని. సోమవారం తెల్లవారకముందే తమ ఊరు ఖానాపురం హవేలిలో బయల్దేరితే మళ్లీ శనివారమే రాక. సోమవారం వచ్చిందంటే శ్యామలకు కడుపునొప్పి, అతని ఐడీ కార్డు మాయం. రెండుసార్లు బస్సు తప్పింది. మూడోసారి ఆలస్యమైతే పనికే రావద్దని సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు.

ఆ వారం శ్యామల తల్లి ముత్తక్క అడవి అంచు ఊరి నుంచి వచ్చి ఉంది. అల్లుడి అవస్థ చూసి ఉపాయం చెప్పింది.

"లేపకు బిడ్డా. చెప్పులు గడప కాడ ఇడిసి, బూట్లేసుకొని పో. లేచినా ఇంట్లనే ఉన్నవనుకుంటది. దాని చిన్నప్పుడు నేను గిట్లనే చేసేదాన్ని."

సోమవారం అతను అట్లాగే చేశాడు. కార్డు లేకుండానే వెళ్లాడు.

శ్యామల లేచింది, చెప్పులు చూసింది, పిలిచింది. పలుకు లేదు. వంటింట్లో చూసింది, పెరట్లో చూసింది. నాలుగేళ్లప్పుడు అమ్మ చెప్పులు చంకన పెట్టుకుని గుడిసె చుట్టూ ఇట్లాగే తిరిగేది. ఎండాకాలమంతా తల్లి చీకటితోనే అడవికి, బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేది.

"చెప్పులు ఇంట్ల పెట్టి, అడవిల ఒట్టికాళ్లతో తిరిగినవా?" అని తల్లిని అడిగింది.

"మరేం చేసేది? నువ్వేడిస్తే నాకు కాలు కదలకపాయె."

శ్యామల తల్లి అరికాళ్లు చూసింది. ముళ్లు దిగిన చోట్ల ఇంకా నల్లటి మచ్చలున్నాయి. జాలేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది.

"చెప్పి పోతే ఏడ్సి ఊకుంటుంటి అమ్మా. చెప్పకపోతివి. ఇంకా ఎతుకుతనే ఉన్న."

ముత్తక్క కాళ్లు చీర కిందికి లాక్కుంది.

బలరాం బస్సులో ఉండగానే శ్యామల ఫోన్ చేసింది.

"అత్తమ్మ చెప్పిందని..." అని నసిగాడు.

"వచ్చే సోమవారం నన్ను లేపి పో."

"ఏడుస్తవు."

"ఏడుస్త. నువ్వు పో."

తర్వాతి సోమవారం లేపాడు. అన్నట్టే ఏడ్చింది. ఏడుస్తూనే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, ఐడీ కార్డు తీసి అతని మెడలో వేసింది.