బాలింత బువ్వ

ఉదయగిరి దుర్గం కింది పల్లెలో ప్రమీలమ్మ పాలకు చెడ్డపేరు వచ్చింది. మొదటి బిడ్డ మూడో నెలలో పోయాడు. రెండోదీ అంతే. లోకానికి ఇంకేం కావాలి! ఆమె పాలల్లోనే విషం ఉందన్నారు. ఆదివారం ఏసు గుడిలో ఆమె వచ్చి కూర్చుంటే చంటిపిల్లల తల్లులు చాప ఆ చివరికి జరిగేవాళ్ళు. భర్త ప్రేమానందం మర్రిపాడు బడిలో పంతులు. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. మాట్లాడే దిక్కులేక ఆమె ఒక్కోసారి బర్రెతో మాట్లాడేది.

ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి అత్త హన్నమ్మ ఒక్కతే. పందొమ్మిది వందల యాభై రెండులో కోడలికి మూడో కాన్పు కాగానే ఆ ముసలామె ఎవరెవరినో బతిమాలి నెల్లూరు మిల్లుబియ్యం తెప్పించింది. అంతకుముందు రెండు కాన్పులకూ అట్లాగే తెప్పించింది. తెల్లగా మెరిసే ఆ బియ్యాన్ని నీళ్ళు తేటపడేదాకా కడిగి, వండి, గంజి వార్చి, ధనియాల కారంతో కోడలికి పెట్టేది. పప్పు వాతం, ఆకుకూర చలవ. బాలింతకు రెండూ కూడవు. కడుగునీళ్ళూ గంజీ బర్రెకు పోసి, తాను మాత్రం మూల కూర్చుని జొన్నసంగటి తినేది.

"తిను అమ్మాయ్. ఈ తూరి బిడ్డ నిలబడాల," అనేది.

రెండు నెలలు నిండాక ఒకనాటి ఉదయం పిల్లాడు ఏడవబోయాడు. నోరు తెరిచాడు, ముఖం కందగడ్డ అయింది, డొక్కలు ఎగిరాయి. గొంతు మాత్రం రాలేదు. ప్రమీలమ్మ చప్పున బిడ్డను ఎత్తుకుంది. పోయిన ఇద్దరూ పోయేముందు ఇట్లాగే చప్పుడు లేకుండా ఏడ్చారు.

"మళ్ళా నీ పాలే తాపినావా? ఎంత గుండె మే నీది!" అంది పొరుగింటి ఎస్తేరమ్మ, గడప అవతలే నిలబడి.

ప్రమీలమ్మ పిల్లాణ్ణి పాతచీరలో చుట్టింది. మోకాళ్ళు పట్టేసిన అత్తను ఇంట్లో వదిలి, బిడ్డను గుండెకు కరుచుకుని ఒక్కతే ఆత్మకూరు బస్సెక్కింది. పక్కనున్న ఆవిడ బిడ్డ అవస్థ చూసి వేరే సీటుకు మారిపోయింది. ఏడుపు ముంచుకొచ్చినా ఏ భుజం మీద వాలాలి, పాపం!

ఆత్మకూరులో డాక్టరమ్మ బిడ్డ గుండె మీద గొట్టం పెట్టి విని, తల్లివైపు తిరిగింది.

"నువ్వేం తింటున్నావమ్మా?"

"తెల్లన్నం తల్లీ. మా అత్త నాకేం తక్కువ చెయ్యలా."

"పప్పు? ఆకుకూర?"

"పత్తెం గదమ్మా. బియ్యం బాగా కడిగి, గంజి వార్చి పెడతాది."

డాక్టరమ్మ నిట్టూర్చి బిడ్డకు సూది వేసింది. "దీన్ని బెరిబెరి అంటారు. బియ్యం పైపొరలో బి విటమిన్ ఉంటుంది. అది మిల్లులో తవుడై పోయింది. మిగిలిన కాస్తా మీరు కడిగి, వార్చి పారబోశారు. నీ ఒంట్లోనే లేనిది నీ పాలల్లోకి ఎట్లా వస్తుంది? దంపుడు బియ్యం తిను, పప్పు తిను, గంజి వార్చకు. గుండెకూ నరాలకూ అదే బలం."

దీపాలు పెట్టే వేళకు పిల్లాడు గొంతెత్తాడు. వార్డంతా దద్దరిల్లింది. ప్రమీలమ్మ ఆ ఏడుపు విని, నవ్వుతూనే భోరుమంది. కాసేపటికి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "ముందు పోయిన ఇద్దరు?" అని అడిగింది.

"అదే అయ్యుంటుందమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా.

బిడ్డ కోలుకున్నాక తిరుగు బస్సులో ఆమెకు ఒకటే ధ్యాస. నా పాలల్లో విషం లేదని ఊరందరి ముందూ చెప్పాలి. ముందుగా ఎస్తేరమ్మ ముఖాన చెప్పాలి.

ఇంటికి రాగానే హన్నమ్మ మనవణ్ణి ఎత్తుకుని ముద్దులాడింది. ఇక దంపుడు బియ్యమే తినాలనీ, గంజి వార్చకూడదనీ కోడలు చెబుతుంటే ఆమె ముఖం పాలిపోయింది.

"అంటే... ఆ బిడ్డలిద్దరూ నేను పెట్టిన బువ్వతోనే పోయినారా?"

గోడ అవతల ఎస్తేరమ్మ చెవి ఇటే ఉంది. ప్రమీలమ్మకు ఆ సంగతి తెలుసు. అత్త ముఖంలోకి చూసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"కాదత్తా," అంది గట్టిగా. "అది నా పాల దోషమే. డాక్టరమ్మ సూదేసి పోగొట్టినాది."

హన్నమ్మ దేవుడికి స్తోత్రం చెప్పి, గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకుంది.

"చూసినారా, నేను మొదట్నించీ ఇదే చెప్తాండా!" అని గోడ అవతల ఎస్తేరమ్మ ఎవరితోనో అంటోంది.