తిరగేసిన నంబరు

"ఆడోళ్లు ఒక్కళ్లే ఏటీఎంకు పోతే కార్డు గుంజుకుంటరు. నేను వస్త పా," అంటాడు మా ఆయన ఉపేందర్ ప్రతి నెలా ఏడో తారీఖున. జీతం నాది. కార్డు మీద పేరు నాది, స్వర్ణలత అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉబ్బెత్తుగా ఉంటుంది. కార్డు ఉండేది మాత్రం ఆయన ప్యాంటు వెనక జేబులో. గగన్‌పహాడ్‌లో విమానాలకు భోజనాలు ప్యాక్ చేసే కంపెనీలో నేను చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో నా జీతాన్ని నా చేత్తో ఒక్కసారి కూడా తీసుకోలేదు.

ఆయన జాగ్రత్తలు చూస్తే నవ్వొస్తుంది. కార్డు పెట్టే ముందు క్యాన్సిల్ బటన్ రెండుసార్లు నొక్కుతాడు. అలా నొక్కితే నంబరు ఎవరూ దొంగిలించలేరని ఎవరో చెప్పారట. కార్డు దూరే చోట పట్టుకుని ఊపి చూస్తాడు. నంబరు కొట్టేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెడతాడు. లోపల ఉండేది మేమిద్దరమే కదా, ఎవరికి అడ్డం అని ఒకసారి అడిగాను. "నీకు తెలిస్తే ఎవలకన్న చెప్తవ్. అమాయకురాలివి," అన్నాడు. ఆ మాటను ప్రేమ అనుకుని మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఈ నెల మాత్రం నాకు ఆ జీతం కావాలి. గర్భసంచిలో గడ్డలు. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటుంది. ఎనిమిది గంటలు నిలబడి, ముందు నుంచి కదిలిపోయే ట్రేల్లో పెరుగు కప్పు, బ్రెడ్డు, చెంచా సర్దుతుంటే కళ్లు బైర్లు కమ్ముతాయి. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "రక్తం ఆరే ఉందమ్మా. ముందు రక్తం ఎక్కించాలి, తర్వాత ఆపరేషన్. పదిహేను వేలు కట్టి సోమవారంలోగా చేరు. ఇంకో నెల ఆగితే ప్రాణం మీదికి వస్తుంది," అంది. ఇంట్లో చెబితే మా అత్త సత్తెమ్మ బియ్యంలో రాళ్లేరుతూనే, "నాకు పోలేదా గట్ల? నేను నాట్లకు పోలేదా? ఆడిదన్నంక అయితయ్," అంది. ఉపేందర్ తల కూడా ఎత్తలేదు. "వచ్చే నెల చూద్దాం తీయ్. ఈ నెల కారుకు అడ్వాన్స్ ఇయ్యాలె," అన్నాడు. పాత కారు కొని ఎయిర్‌పోర్టు కిరాయిలు తిప్పుతాడట. పోయిన నెల కూడా వచ్చే నెలే అన్నాడు. నాకు వచ్చే నెల ఉందని ఆ మనిషికి ఎంత నమ్మకమో!

అన్నం తినేటప్పుడు, నా పక్కన పనిచేసే సుమలత తన ఫోనులో వచ్చిన మెసేజ్ చదివి వినిపించింది. నాది బటన్ల ఫోను, నాకు ఇలాంటివేవీ రావు. "చూడక్కా, దొంగ వెనక నిలబడి పైసలు తియ్యమంటే నంబరు తిరగేసి కొట్టాల్నట. నోట్లు సగం బయటికొచ్చి ఆగిపోతయట, పోలీసులకు ఖబర్ పోతదట."

"ఎవలు దొంగనో మిషన్‌కు ఎట్ల తెలుస్తదే?" అంది ఎదురుగా కూర్చుని తింటున్న దుర్గవ్వ.

"వెనక నిలబడ్డోడే దొంగ!" అంది సుమలత. అందరూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు.

నాలుగు రోజులు అదే ఆలోచన. పోలీసులు వస్తే ఏం చెప్పాలి? మొగుడే దొంగ అంటే నమ్ముతారా? మా అత్త నన్ను బజారుకీడుస్తుంది. నా బిడ్డ సంతోషి బడంగ్‌పేట్‌లో మా అమ్మ దగ్గరుండి చదువుకుంటోంది, దాని చెవిన పడితే? అవునుగానీ ఇంతమంది గురించి ఇంత ఆలోచిస్తున్నాను, ఇందులో ఒక్కరైనా నా రక్తం గురించి ఆలోచించారా? అనుకోగానే ఒళ్లు మండింది. అంత మండినా ఏం లాభం, తిరగేయడానికి అసలు నంబరే నాకు తెలియదు.

ఏడో తారీఖు సాయంత్రం షిఫ్టు దిగేసరికి ఉపేందర్ బండి మీద సిద్ధంగా ఉన్నాడు. శంషాబాద్ బస్టాండ్ దగ్గర ఏటీఎంలోకి వెళ్లాం. క్యాన్సిల్ రెండుసార్లు నొక్కాడు, కార్డు పెట్టాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది, కారు అమ్మే ఆయన. లోపల సరిగ్గా వినబడక అద్దం తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టాడు. మిషన్ నంబరు అడుగుతోంది. "నువ్వే కొట్టు. నేను పుట్టిన సంవత్సరమే. పదిహేను వేలు!" అని అక్కడి నుంచే కసిరాడు.

నాలుగేళ్ల రహస్యం ఇదా! ఆయన ఆధార్ కార్డు మీద వందసార్లు చూశాను. వెనక నుంచి, వెనక నుంచి కొట్టు, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్కో అంకే నొక్కాను. ఒకటి. తొమ్మిది. తొమ్మిది. ఒకటి.

ఏ గంటా మోగలేదు. మిషన్ బుద్ధిగా, ఏం కావాలి అని వరసలు చూపించింది. అప్పటికిగాని నాకు వెలగలేదు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఆయన పుట్టిన సంవత్సరమే. నవ్వాలో ఏడవాలో తెలియక మిషన్ అంచు పట్టుకుని నిలబడ్డాను. పోలీసులు రారు. ఏ నంబరు కొట్టినా ఎవరూ రారు. దొంగ ఎవరో, కార్డు ఎవరిదో, ఎవరి ఒంట్లో రక్తం లేదో ఈ మిషన్‌కు తెలియదు. నంబరు ఎవరికి తెలిస్తే దానికి వాళ్లే స్వర్ణలత.

వరసల్లో చివర "పిన్ మార్పు" అని ఉంది. నొక్కాను. కొత్త నంబరు కొట్టమంది, కొట్టాను. మళ్లీ కొట్టమంది, కొట్టాను. ఏ నంబరు పెట్టానో ఇక్కడ కూడా చెప్పను.

"ఏవి పైసలు? తే," అంటూ వచ్చాడు ఉపేందర్.

"తియ్యలే. నంబరు మార్చిన." కార్డు నా పిడికిట్లో ఉంది.

"ఏందీ? ఎంత పెట్టినవ్? చెప్తవా లేదా?" చెయ్యి లేచింది. నేను తల పక్కకు తిప్పలేదు. ఆయన చూపు మూలనున్న కెమెరా మీద పడింది. చెయ్యి మెల్లగా దిగింది. "ఇంటికి పా. ఆడ చెప్త నీ సంగతి."

"ఇంటికి రాను. ఇయ్యాలనే దవాఖాన్ల చేరుతున్న."

కార్డు మళ్లీ మిషన్‌లో పెట్టాను. నంబరు అడిగింది. నేను కొట్టలేదు, ఆయన వైపు తిరిగి తలుపు చూపించాను.

"నువ్వు బయట నిలబడు. లోపల ఒక్కళ్లే ఉండాలె."